సబ్‌వూఫర్ పోత అల్యూమినియం బాస్కెట్‌కు నలుపు తీసి చేత్తో మెరుగు పెట్టడం గురించి

జడ్చర్ల నుంచి ప్రశ్న వేసిన మిత్రునికి నమస్కారం. మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా రాస్తాను. మీ దగ్గర కోను చిరిగిపోయిన 12 అంగుళాల కారు సబ్‌వూఫర్ ఉంది. దాని బాస్కెట్, అంటే కోనును, మాగ్నెట్‌ను పట్టి ఉంచే చట్రం, పోత అల్యూమినియంది, పైన గరుకైన నల్ల పౌడర్ కోటింగు ఉంది. రీకోన్ చేయించే (కొత్త కోను, కాయిల్ వేయించే) లోపల ఆ నలుపంతా తీసేసి, మిషను లేకుండా చేత్తోనే అద్దంలా మెరిపించాలన్నది మీ కోరిక. కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడితే రంగు దానంతట అదే ఊడుతుందని ఎవరో చెప్పారు, అది సరైనదేనా, మొత్తం పనికి ఎన్ని రోజులు పడుతుంది అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. చేత్తో చేయవచ్చు, నేను చేశాను. కాస్టిక్ సోడా మాత్రం ముట్టవద్దు. క్రోమియం పూత వేసినట్టు మెరుపు రాదు. కొంచెం బూడిద ఛాయ కలిసిన వెండి మెరుపు వస్తుంది. మొదటిసారి చేసేవారికి 25 నుంచి 30 గంటలు పడుతుంది, అంటే రోజూ సాయంత్రం మూడు గంటలు కూర్చుంటే తొమ్మిది పది రోజులు. అన్నిటికంటే ముఖ్యమైన మాట: మెరుపు కంటే ముందు మాగ్నెట్ గ్యాప్‌ను, అంటే కోను కింది తీగచుట్ట (కాయిల్) కదిలే సన్నని సందును, కాపాడుకోవాలి. బాస్కెట్ ఎంత మెరిసినా గ్యాప్‌లోకి ఇసుమంత రజను పోతే కొత్త కాయిల్ మొదటి రోజే గీసుకుంటుంది.

నేను నల్లగొండలో 20 ఏళ్ళకు పైగా స్పీకర్లు రీకోన్ చేస్తున్నాను. పెళ్ళిళ్ళ సౌండ్ బాక్సులు, చెర్వుగట్టు, దురాజ్‌పల్లి జాతరలకు వెళ్ళివచ్చిన దుమ్ముకొట్టిన బాక్సులే ఎక్కువగా వస్తాయి. మెరుగు పని ఆదాయం కోసం మొదలుపెట్టింది కాదు, కారు సబ్‌వూఫర్ తిరగేసి బిగించుకునే కుర్రవాళ్ళు అడగడం మొదలుపెట్టాక నేర్చుకున్నాను. అందుకని మొదట మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు స్పీకరును మామూలుగా బిగిస్తారా, లేక మాగ్నెట్ బయటికి కనిపించేలా తిరగేసి బిగిస్తారా? మామూలుగా బిగిస్తే బాస్కెట్ అంతా డబ్బా లోపలికి పోతుంది, బయటికి కనిపించేది అంచు ఒక్కటే, దాన్ని కూడా చాలా మోడళ్ళలో రబ్బరు రింగు కప్పేస్తుంది. తిరగేసి బిగిస్తే బాస్కెట్ కాళ్ళ (అంచును మధ్యభాగంతో కలిపే కడ్డీల) వెనక వైపు మాత్రమే కనిపిస్తుంది. కాళ్ళ లోపలి ముఖాలను, అంటే కోను వైపు ఉన్న వాటిని, శుభ్రంగా 400 నంబరు గరుకు కాగితం వరకు రుద్ది వదిలేయండి (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు). ఈ ఒక్క నిర్ణయంతో సగం శ్రమ తగ్గుతుంది.

బాస్కెట్ నిజంగా అల్యూమినియమేనా అన్నది కూడా చూసుకోండి. చిన్న అయస్కాంతం ముక్క ఒకటి అంచుకు, అంటే పెద్ద మాగ్నెట్‌కు దూరంగా, పెట్టి చూస్తే తెలుస్తుంది. అతుక్కుంటే అది ఇనుప రేకు బాస్కెట్, దానికి ఈ పనంతా వృథా.

ఇప్పుడు కాస్టిక్ సోడా సంగతి. అది రంగును తినేలోపే అల్యూమినియంను తినడం మొదలుపెడుతుంది. కోటింగు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ, అంటే అంచుల దగ్గర, మర రంధ్రాల దగ్గర, ముందు లోహం బయటపడుతుంది. అక్కడ బుడబుడమని హైడ్రోజన్ వాయువు లేస్తూ లోహం కరిగిపోతుంటే, మధ్యలో ఉన్న దళసరి కోటింగు ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. పోత అల్యూమినియంలో ఉండే సిలికాన్, రాగి ఆ ద్రావణంలో అంత తేలికగా కరగవు గనుక నల్లటి మసిలా పైన మిగిలిపోతాయి. పనిలో చేరిన కొత్తలో నేను ఒక 10 అంగుళాల బాస్కెట్‌ను ప్లాస్టిక్ బకెట్‌లో వేసి భోజనానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అది పెనం అడుగులా నల్లబడి ఉంది, టెర్మినల్ బిగించే మరల గాడి వేలితో తిప్పితే వదులయ్యేంతగా తినేసింది. ఆ బాస్కెట్ ధర నేనే కట్టుకున్నాను. మన ఇళ్ళలో అల్యూమినియం గిన్నెలను బూడిదతో తోమితే క్రమంగా కాంతి పోవడానికి కారణం కూడా దీనికి దగ్గరిదే, బూడిదలో క్షారం ఉంటుంది. చింతపండు పులుపు ఆ నల్లదనాన్ని కొంత తీస్తుంది కానీ తినేసిన లోహాన్ని తెచ్చిపెట్టదు.

మంట పెట్టి కాల్చడం, హీట్ గన్ వాడడం కూడా మాగ్నెట్ ఉన్నంతసేపూ వద్దు. పౌడర్ కోటింగును మొదట గట్టిపరిచేదే సుమారు 180–200 డిగ్రీల దగ్గర. దాన్ని మెత్తబరచే వేడికి మాగ్నెట్‌ను పట్టి ఉంచిన జిగురు సడలుతుంది. నియోడిమియం రకమైతే సాధారణ గ్రేడులు 80 డిగ్రీలు దాటగానే శక్తి కోల్పోవడం మొదలవుతుంది.

విడదీయడం. కోను ఎలాగూ పోయింది కాబట్టి సరౌండ్ (కోను అంచు చుట్టూ ఉండే మెత్తని రింగు), కోను, స్పైడర్ (కోను మెడను పట్టి ఉంచే ముడతల గుడ్డ బిళ్ళ) మూడూ కోసి తీసేయండి. స్పైడర్ కింద బాస్కెట్ మధ్యలో చూస్తే, చాలా పోత బాస్కెట్లలో నాలుగు నుంచి ఎనిమిది దాకా అలెన్ మరలు కనిపిస్తాయి. అవి ఉంటే మీ అదృష్టం. వాటిని విప్పితే బాస్కెట్ ఒక్కటే పైకి వస్తుంది, పై ప్లేటు (మాగ్నెట్ మీది ఇనుప పళ్ళెం) మాగ్నెట్‌కు జిగురుతో అతుక్కునే ఉంటుంది కనుక గ్యాప్ కదలదు. విప్పే ముందు బాస్కెట్ మీద, ప్లేటు మీద ఒకే గీత పడేలా సూదితో గీసి ఉంచుకోండి, తిరిగి అదే దిక్కులో కూర్చోబెట్టాలి. మర కదలకపోతే గాడి జిగురు (మర వదులు కాకుండా గాడిలో పూసే జిగురు) పెట్టారని అర్థం. సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి, ఆ వేడి మీదే విప్పండి. పై ప్లేటును మాగ్నెట్ నుంచి మాత్రం ఎట్టి పరిస్థితిలో ఊడదీయకండి. అది ఒకసారి ఊడితే, ఆ సన్నని సందును చుట్టూ సమానంగా తిరిగి కుదర్చడం ఇంట్లో అయ్యే పని కాదు.

విడిగా తీసిన మాగ్నెట్ గ్యాప్ మీద వెడల్పు టేపు వేసి, పాలిథిన్ సంచిలో కట్టి, పని చేసే గదిలో కాక వేరే గదిలో పెట్టండి. వెనక పోల్ (మాగ్నెట్ నడుమ ఉండే ఇనుప దిమ్మ) మధ్యలో గాలి రంధ్రం ఉంటే దానికి కూడా టేపు వేయాలి. పై గ్యాప్‌ను ఎంతో జాగ్రత్తగా మూసి ఈ వెనక రంధ్రాన్ని మరిచిపోయినవారిని చాలామందిని చూశాను. ఇనుప పీచు ఇంట్లోకే తేవద్దు. మిర్యాలగూడ వైపు నుంచి ఒక కుర్రవాడు కోను ఉండగానే పాత్రలు తోమే ఇనుప పీచుతో కాళ్ళు రుద్ది తెచ్చాడు. పీచు నుంచి రాలిన ఇనుప నలుసులన్నీ గ్యాప్‌లోకి చేరి, అక్కడ వెంట్రుకల్లా నిలువుగా నిలబడి ఉన్నాయి. కోను వేలితో నొక్కితే గరగరమని శబ్దం. మంచి స్పీకరుకు రీకోన్ ఖర్చు పడింది. అల్యూమినియం రజను అయస్కాంతానికి అతుక్కోదు కనుక కొంత నయం, కానీ గ్యాప్‌లో పడితే అది కూడా కాయిల్‌ను గీస్తుంది.

రంగు ఊడదీయడం. పెయింట్ రిమూవర్ అని దుకాణాల్లో దొరికే చిక్కటి ద్రవాల్లో బాగా పనిచేసేవి మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవి. దీని విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆ రసాయనం మరిగే వేడి సుమారు 40 డిగ్రీలు. నల్లగొండలో, మీ పాలమూరులో ఎండాకాలం మధ్యాహ్నం 40 దాటడం మామూలే. ఆ వేళ పూస్తే అది రంగును కొరికేలోపే ఆవిరైపోతుంది, పైగా ఆ ఆవిరంతా మీరే పీలుస్తారు. ఆ ఆవిరి శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గాలి ఆడని గదుల్లో దీనితో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు కనుకనే అమెరికాలో ఇంటి వాడకపు పెయింట్ రిమూవర్లలో దీన్ని 2019లో నిషేధించారు. కాబట్టి తెల్లవారుజామున, ఆరుబయట, గాలి మీ వెనక నుంచి ముందుకు వీచేలా కూర్చుని చేయండి. గుండె జబ్బు ఉన్నవారు ఈ పనికి పూనుకోకూడదు. డాక్టర్లు వాడే పలచని నైట్రైల్ గ్లవ్స్ గుండా ఇది నిమిషాల్లో లోపలికి దిగుతుంది. రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగి, మీద పడిన వెంటనే పై జత మార్చేయాలి. కళ్ళద్దాలు తప్పనిసరి.

కుంచెతో దళసరిగా ఒక్కసారే పూయండి, గోడకు రంగు వేసినట్టు అటూ ఇటూ తిప్పి రుద్దవద్దు. వెంటనే బాస్కెట్‌ను పాలిథిన్ కవరుతో కప్పేయండి. ఇరవై నిమిషాలకు కవరు తీసి చూస్తే, పెనం మీద జొన్నరొట్టె పొంగినట్టు కోటింగు అక్కడక్కడా పైకి లేచి కనిపిస్తుంది. వెదురు బద్దను చెక్కి చదును చేసుకుని దానితో గీరండి. ఇనుప బ్లేడు వేస్తే అల్యూమినియం మీద పడే గీత లోతుగా ఉంటుంది, తర్వాత దాన్ని తీయడానికి ఒక సాయంత్రం పోతుంది. పౌడర్ కోటింగు మామూలు రంగు కంటే మొండిది, రెండు మూడు పూతలు పడతాయి. కాళ్ళు అంచుతో కలిసే మూలల్లో తప్పకుండా కొంత మిగులుతుంది, దాన్ని కాగితానికి వదిలేయండి. కోటింగు కింద లేత పసుపు పొర కనిపిస్తే అది క్రోమేట్ పూత కావచ్చు, దాని దుమ్ము విషం. దాన్ని పొడిగా రుద్దకండి, తడిగానే రుద్దాలి, ముక్కుకు మాస్కు ఉండాలి.

ఇక అసలు పని, కాగితం పట్టడం. ఇక్కడ పోత అల్యూమినియం స్వభావం కొంచెం తెలియాలి. ఈ బాస్కెట్లు ఎక్కువగా డై కాస్టింగ్‌లో, ఏడీసీ 12 లాంటి మిశ్రమ లోహంతో పోస్తారు. అందులో సిలికాన్ 9.6 నుంచి 12 శాతం దాకా, రాగి 1.5 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది. కరిగిన లోహం ఉక్కు అచ్చును తాకగానే గట్టిపడి, పైన సుమారు అర మిల్లీమీటరు మందాన దట్టమైన చర్మం లాంటి పొర ఏర్పడుతుంది. దాని కింద లోహం అంత దట్టంగా ఉండదు, చిన్న చిన్న గాలి గుంటలు ఉంటాయి. మీరు అత్యుత్సాహంతో 80 నంబరు కాగితంతో మొదలుపెడితే ఆ చర్మం పోయి గుంటలు బయటపడతాయి. అప్పుడు వాటిని పోగొట్టాలని ఇంకా రుద్దుతారు, ఇంకా కొత్త గుంటలు తేలతాయి. బావి తవ్వినట్టే, దిగేకొద్దీ ఇంకా ఉంటుంది. అందుకని ఒకటి రెండు గుంటలు కనిపిస్తే చూసీ చూడనట్టు వదిలేయండి. లప్పం పెట్టవద్దు, మెరుపు మధ్యలో అది మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అచ్చు రెండు భాగాలు కలిసిన చోట కాళ్ళ పక్కల సన్నని గట్టు ఉంటుంది. దాన్ని మాత్రం ఆకురాయితో తీయాలి. ఆకురాయి పళ్ళలో బడి సుద్దముక్క రుద్దితే అల్యూమినియం ఇరుక్కోదు. ఇరుక్కున్న పలుకుతోనే మళ్ళీ లాగితే పొడవైన చార పడుతుంది, కాబట్టి పది లాగులకోసారి ఆకురాయిని దులపండి.

తర్వాత కారు పెయింటింగ్ సామాన్ల దుకాణంలో దొరికే వాటర్ పేపరు తీసుకోండి. పోత నునుపుగా ఉంటే 320తో, గరుకుగా ఉంటే 240తో మొదలుపెట్టండి. అక్కడ నుంచి 400, 600, 800, 1000, 1500, 2000. ఒక్క మెట్టు కూడా దాటవేయవద్దు. నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే కాగితం పట్టేయకుండా జారుతుంది. చదునైన అంచుకు అరిగిపోయిన హవాయి చెప్పు ముక్కను కోసి, దానికి కాగితం చుట్టి రుద్దండి. వేళ్ళతో నేరుగా రుద్దితే వేలు పడినచోట పల్లం, పక్కన మిట్ట ఏర్పడి, మెరుగు పెట్టాక నీడ అలలు అలలుగా కనిపిస్తుంది. కాళ్ళకు కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, వెనక గుడ్డ టేపు అంటించి, కాలు చుట్టూ తిప్పి కవ్వం తాడు లాగినట్టు రెండు చేతులతో లాగండి. మూలలకు వేపపుల్ల చివర ఏటవాలుగా చెక్కి దాని మీద కాగితం చుట్టుకోండి.

ప్రతి నంబరుకూ రుద్దే దిక్కు మార్చండి. 400 నిలువుగా రుద్దితే 600 అడ్డంగా. అడ్డగీతలు మాత్రమే మిగిలి నిలువు గీత ఒక్కటీ కనిపించనప్పుడే ఆ నంబరు పూర్తయినట్టు. నాకు కళ్ళ మీద అంత నమ్మకం లేక, ఒక్కో కాలి మీద మార్కర్‌తో గళ్ళు గీసి అవి పూర్తిగా పోయేదాకా రుద్దుతాను. నంబరు మార్చే ముందు బాస్కెట్‌ను, కాగితం చుట్టిన చెప్పు ముక్కను, చేతులను, నీళ్ళ గిన్నెను కూడా కడగాలి. 1500 దగ్గర ఉండగా గిన్నె అడుగున మిగిలిన 240 పలుకు ఒక్కటి వచ్చినా ఒక గంట పని వెనక్కి పోతుంది. చూడవలసింది ఎండలో కాదు. రాత్రి ట్యూబులైటు కింద బాస్కెట్‌ను దాదాపు అడ్డంగా పట్టుకుని, కాంతి దాని మీద జారేలా చూస్తే దాక్కున్న గీతలన్నీ బయటపడతాయి. మొత్తం సమయంలో సగం 240, 320, 400 ల దగ్గరే గడవాలి. కొత్తవారు అక్కడ తొందరపడి, చివర పాలిష్ డబ్బాతో ఆ లోటు తీర్చుకోవాలని చూస్తారు. పాలిష్ గీతలను తీయదు, మెరిసే గీతలుగా మారుస్తుంది, అంతే.

పాలిష్. చేత్తో చేసేటప్పుడు బఫింగ్ దుకాణాల్లో దొరికే గట్టి బారు పనికిరాదు. అది తిరిగే చక్రం వేడికి కరగడానికి తయారైనది, చేతి వేడికి కరగదు. డబ్బాలో దొరికే మెటల్ పాలిష్ పేస్టు తీసుకోండి. మొదటి విడతకు పాత జీన్స్ గుడ్డ, రెండో విడతకు పలుమార్లు ఉతికిన నూలు బనియన్ గుడ్డ. కొంచెం పేస్టు, గట్టి ఒత్తిడి, అరచేయంత చోటు. గుడ్డ వెంటనే నల్లబడుతుంది. మురికి అనుకుని కంగారుపడవద్దు, అది అరిగిన అల్యూమినియమే. ఆ నలుపు ఎండి పట్టేయకముందే శుభ్రమైన గుడ్డతో తుడవాలి. చివర మిగిలే జిడ్డు చారలకు మొక్కజొన్న పిండి (దుకాణంలో దొరికే కార్న్‌ఫ్లోర్) చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతాయి. బియ్యప్పిండి వాడవద్దు, ఇంట్లో ఆడించిన పిండిలో పలుకు ఉంటుంది.

ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి. సిలికాన్ కణాలు అల్యూమినియం కంటే చాలా గట్టివి. మెత్తటి గుడ్డతో గంటలకొద్దీ రుద్దుతూ పోతే చుట్టూ ఉన్న మెత్తని అల్యూమినియం అరిగి, సిలికాన్ కణాలు కంటికి ఆనని మిట్టల్లా మిగులుతాయి. అప్పుడు మెరుపు పెరగకపోగా మంచు కమ్మినట్టు మసక వస్తుంది. మీ ముఖం ఆనవాలు పట్టేలా కనిపిస్తే, ట్యూబులైటు నీడ అంచు తేటగా ఉంటే చాలు, అక్కడ ఆపండి. మసక వచ్చేస్తే గుడ్డతో కాదు, 1500 కాగితానికి వెనక్కి వెళ్ళి సరిచేసుకోవాలి. మీరు అడిగిన అద్దం మెరుపు రాదని మొదట్లో అన్నది ఈ సిలికాన్ వల్లనే. బిల్లెట్ అల్యూమినియంను (పోత కాని గట్టి దిమ్మను) చెక్కి చేసిన వస్తువులకు వచ్చే మెరుపుతో దీన్ని పోల్చుకోకండి.

చివరిసారి కడిగేటప్పుడు బోరు నీళ్ళు వాడకండి. మా నల్లగొండ బోరు నీళ్ళలో సున్నం ఎంతో ఇంట్లో గీజర్ విప్పి చూసినవారికి తెలుసు. నీటిబొట్టు ఆరినచోట తెల్లటి వలయం మిగులుతుంది, మెరుగు పెట్టిన అల్యూమినియం మీద అది మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఫిల్టరు నీళ్ళతో కడిగి, వెంటనే గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి.

మెరుపు పెట్టకూడని చోట్లు రెండు ఉన్నాయి: సరౌండ్ అతికే అంచు, స్పైడర్ కూర్చునే గట్టు. అక్కడ జిగురు పట్టాలంటే గరుకు ఉండాలి. మొదటి నుంచీ ఆ రెండు చోట్ల టేపు వేసి ఉంచి, చివర 120 కాగితంతో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి రీకోన్ చేసేవారికి ఇవ్వండి. అలాగే వ్యాక్స్ అన్నది రీకోన్ అయ్యాకే పూయాలి. ముందే వ్యాక్స్ రాసిన బాస్కెట్ ఒకటి నా దగ్గరికి వస్తే, ఎంత తుడిచినా ఆ జిడ్డు పూర్తిగా పోలేదు. మూడు నెలలకే స్పైడర్ ఒక పక్క లేచిపోయి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి వ్యాక్స్ వాసన వస్తే పనే తీసుకోవడం లేదు.

పైన క్లియర్ లక్కరు కొట్టించమంటారా అని చాలామంది అడుగుతారు. నేను వద్దనే అంటాను. నునుపైన అల్యూమినియంను లక్కరు గట్టిగా పట్టుకోదు. మర బిగించినచోట పగిలి, అక్కడ నుంచి పొరలుగా లేస్తుంది, అప్పుడు మళ్ళీ రిమూవర్ పూయడం నుంచి మొదలుపెట్టాలి. కారుకు వాడే వ్యాక్స్ నాలుగు నెలలకోసారి పలచగా రాసుకుంటే సరిపోతుంది. అనోడైజింగ్ (కరెంటుతో పైన ఆక్సైడ్ పొర ఎక్కించడం) గురించి అడిగేవారికి కూడా ఒక మాట: ఇంత సిలికాన్ ఉన్న పోతకు అది ముదురు బూడిద రంగులో మచ్చలుగా వస్తుంది, మెరుగంతా పోతుంది.

ధ్వనిలో తేడా వస్తుందా అని మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. రాదు. నల్ల పూత వేడిని వెలువరించినంతగా మెరిసే లోహం వెలువరించదన్నది నిజమే, కానీ కాయిల్ వేడి ఎక్కువగా పోల్, ప్లేటు, మాగ్నెట్ గుండా, గాలి కదలిక వల్ల పోతుంది కనుక, కారు వాడకంలో ఆ తేడా లెక్కలోకి రాదు.

తిరిగి బిగించేటప్పుడు ముందు గీసుకున్న గీతలు కలిపి, అలెన్ మరలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. గ్యాప్ మీద టేపును అప్పటిదాకా తీయవద్దు. తీశాక రెండు వైపులా జిగురున్న టేపును పలచని అట్టముక్కకు అంటించి, గ్యాప్ చుట్టూ ఒకసారి తిప్పి తీస్తే ఏ నలుసు ఉన్నా దానికి అతుక్కుని వస్తుంది. స్పీకరును డబ్బాకు బిగించే ఇనుప మరలకు తల కింద కొంచెం గ్రీజు రాస్తే, వానాకాలం తేమకు అల్యూమినియం మీద తెల్లటి బూజులాంటిది పట్టదు.

మీ బాస్కెట్ మధ్యలో మరలు లేకుండా రివెట్లు కనిపిస్తే మాత్రం మాగ్నెట్‌ను విడదీయకుండానే ఈ పని చేయాలి. అప్పుడు రిమూవర్ వాడే పద్ధతి, నీళ్ళు వాడే పద్ధతి రెండూ మారతాయి. స్పైడర్ తీసేశాక లోపలి భాగం స్పష్టంగా కనిపించేలా ఒక ఫొటో, వెనక పోల్ రంధ్రం కనిపించేలా మరో ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి రాస్తాను.